ఇష్యూస్ ఏమీ లేవు

ముప్ఫై నాలుగో నంబరు లోపలికి వెళ్లింది. తమది నలభై ఒకటి. ఒక్కో జంటకు ఏడెనిమిది నిమిషాలు పడుతోంది. పెళ్లిలో తలంబ్రాలు పోసుకోవడానికి కూడా ఇంతకన్నా ఎక్కువసేపు పట్టింది, అనుకుంది సుకన్య, కోర్టు వరండాలో బెంచీ మీద, ఒళ్లో ఎనిమిదో తరగతి తెలుగు జవాబు పత్రాల కట్ట పెట్టుకొని. ఏప్రిల్ నెలాఖరు. పైన ఫ్యాను తిరుగుతోంది గాని గాలి కిందిదాకా రావడం లేదు. ఎర్ర కలంతో ఒకటి దిద్ది ఇంకోటి తీసింది. సొంత వాక్యాల్లో రాయండి: పరస్పరం. ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది, 'మా అమ్మా నాన్నా పరస్పరం కొట్టుకుంటారు.' సుకన్య కలం కాగితం మీద ఆగింది. వాక్యంలో తప్పు లేదు. కర్త ఉంది, క్రియ ఉంది, పదం సరైన చోట పడింది. రెండు మార్కులకు రెండూ వేసింది. ప్రశ్నపత్రం తయారు చేసింది తనే, ఆ పదం ఎంచుకున్నదీ తనే, ఎక్కడినుంచి వచ్చి చేతికి తగిలిందో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు తెలుస్తోంది, విడాకుల అర్జీలోంచి వచ్చింది. పరస్పర అంగీకారం. ఆరు నెలలుగా చెవిలో తిరుగుతున్న మాట. పరుడు, పరుడు. ఇద్దరు పరాయివాళ్లు పక్కపక్కన నిలబడితే పరస్పరం. పాణిగ్రహణం నాడు ఇది పిల్లలకు చెప్పినట్టు ఎవరైనా తనకు విడదీసి చెప్పి ఉంటే బాగుండేది.

అంగీకారం సంగతి సులువేనని షాగుఫ్తా పొద్దున ఫోన్‌లో చెప్పింది. షాగుఫ్తా తమ వకీలు, ఇద్దరికీ ఒకతే. పోట్లాట లేని కేసుకు ఇద్దరు వకీళ్లు ఎందుకని వేణుమాధవే అన్నాడు. "జడ్జమ్మ రెండే అడుగుతది మేడం. మీ ఇష్టంతోనేనా అంటది, అఫిడవిట్ల రాసిందంత నిజమేనా అంటది. అవును, అవును. గంతే. ఎక్కువ చెప్తే ఎక్కువ అడుగుతది." సుకన్యకు ఎక్కువ చెప్పే అలవాటు ఎప్పుడూ లేదు. సెలవు చీటీలో కూడా 'సొంత పని మీద' అని రాసి ఇచ్చింది. రెండేళ్లుగా వేరుగా ఉంటున్నారు, ఆమె చిలకలగూడలో, అతను మౌలాలి రైల్వే కాలనీలో. ఎల్లుండి నుంచి కోర్టుకు వేసవి సెలవులు. సోమవారం అతను గుంతకల్లు డివిజన్‌లో చేరాలి. ఈవేళ అయిపోతే అయిపోతుంది.

వరండా ఆ చివర కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, మెడలో ఆఫీసు కార్డు, నీలం చారల చొక్కా. ఆ చొక్కా తనకు తెలియదు. తెలియని చొక్కాలో మనిషి ఇంత మామూలుగా ఎలా నిలబడగలడో. ఇందాక మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు పలకరిద్దామంటే పిలుపు దొరకలేదు. 'ఏమండీ' అనడానికి హక్కు ఇంకో గంటలో పోతుంది, పేరు పెట్టి పిలవడం నాలుక్కి రాదు, 'సార్' అనడానికి మనసు రాలేదు. సంబోధన లేని మనిషి అయ్యాడు. అతను మాత్రం "వచ్చినవా" అన్నాడు, ఎప్పట్లాగే. ఆఖరి సంవత్సరం ఇంట్లో తమ సంభాషణ మొత్తం ఇంతే, వచ్చినవా, తిన్నవా, గ్యాసు బంజేసినవా. తను దానికి కూడా సమాధానం పూర్తి వాక్యంలో చెప్పేది. పుస్తకం లెక్క మాట్లాడుతదని అతను తన తల్లి విజయమ్మతో అంటుంటే ఒకసారి వంటింట్లోంచి వింది. కోర్టు కౌన్సెలింగులో సలహాలిచ్చే ఆవిడ ఫారంలో 'విడిపోవుటకు కారణం' అని ఒక గీత ఇచ్చింది, ఒకే గీత, దాని మీద ఏం పడుతుంది? సుకన్య 'పొసగక' అని రాసింది. అతను అదే చూసి తన కాగితం మీద కూడా 'పొసగక' అని రాశాడు. తొమ్మిదేళ్లలో ఆమె మాటను అతను తప్పు పట్టకుండా తీసుకోవడం అదొక్కసారే.

"టీచరమ్మనా మేడం మీరు?" అన్నాడు పక్కన కూర్చున్న పెద్దాయన, కాగితాలలోకి తొంగిచూస్తూ.

"అవునండీ."

"ఎవ్వల కేసు మీద వచ్చిన్రు? చెల్లెదా?"

"నాదే."

"అయ్యో," అని ఆయన కాసేపు తన చెప్పులకేసి చూసుకున్నాడు. మనిషి ఊరుకునే రకం కాదు, మళ్లీ మొదలుపెట్టాడు. పేరు పర్వతాలట, బోయిగూడలో కట్టె కోత మిషన్ దగ్గర పనట, వచ్చింది కూతురి కేసుకట. కూతురు కింద నోటరీ దగ్గరికి పోయింది. ఇద్దరు మనవరాళ్లు ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చొని ఒకే చిప్స్ పొట్లంలో చేతులు పెట్టి తోసుకుంటున్నారు.

"పంచాయితంత గీళ్ల గురించే మేడం. ఇద్దరు ఇష్యూస్."

"ఏమిటి?"

"ఇష్యూస్. పిల్లలను గట్లనే అనాల్నట ఈడ. మా వకీల్ సాబ్ మొదటిదినం అడిగిండు, మీ బిడ్డకు ఇష్యూస్ ఎన్ని అని. నేనన్న, సార్, ఇష్యూస్ మస్తున్నయి, అల్లుడు తాగుతడు, కొడతడు, ఫోన్ పలగ్గొడతడు, ఏది ముందుగాల చెప్పాలె అని. ఆయన నవ్వీ నవ్వీ కుర్చీలకెళ్లి పడవోయిండు. అరే పర్వతాలూ, ఇష్యూస్ అంటె పిల్లలయ్యా అన్నడు. సూడుండ్రి మరి. ఇంట్ల ఉన్నన్ని దినాలు బిడ్డలు, కోర్టు మెట్లెక్కంగనే ఇష్యూస్."

"తాతా, ఇష్యూ అంటే నేనా, అక్కనా?" అంది చిన్నది.

"ఇద్దరూ. మూతి తుడుసుకో."

సుకన్య నవ్వబోయింది. పెదవులు విచ్చుకున్నాయి కూడా. అంతలో చిలకలగూడలో షాగుఫ్తా ఆఫీసు గుర్తొచ్చింది, మేడ మీద గది, కింద మెడికల్ షాపు, అక్టోబరు, కిటికీ బయట ఎవరో స్కూటరు ఎంతకీ స్టార్టు కాక కొడుతున్నారు. షాగుఫ్తా కంప్యూటరు ముందు కూర్చొని ఒక్కొక్క గడీ నింపుతోంది. పూర్తి పేరు, వయసు, వృత్తి, పెళ్లి తేదీ, పెళ్లి జరిగిన చోటు. తల ఎత్తకుండానే అడిగింది, "ఇష్యూస్ ఏమన్న ఉన్నయా మేడం?" స్టాఫ్ రూంలో రోజుకు పదిసార్లు వినే మాట. మధ్యాహ్న భోజనంలో ఇష్యూ వచ్చింది, ఏడో తరగతి పేరెంట్‌తో ఇష్యూ అయింది. తను వాడదు గాని అర్థం కాకపోవడమేముంది. ఇల్లు గురించి తగాదా లేదు, సామాను గురించి లేదు, ఒకరి మీద ఒకరికి ఫిర్యాదు లేదు. తల నిటారుగా పెట్టుకొని, కొంచెం గర్వంగానే, స్పష్టంగా చెప్పింది. "ఇష్యూస్ ఏమీ లేవు." పక్క కుర్చీలో వేణుమాధవ్ చటుక్కున తల తిప్పి తనవైపు చూశాడు. ఆ చూపు గుర్తుంది. తన మర్యాదను ఇన్నేళ్లకు గమనించాడనుకుంది. ఛీ.

జవాబు పత్రాల కట్ట ఒళ్లోంచి జారుతుంటే పట్టుకొని బెంచీ మీద పెట్టి, సంచిలోంచి అఫిడవిట్ నకలు తీసింది. ఏడు పేజీలు, ఇంగ్లీషు. ప్రతి పేజీ అడుగునా తన సంతకం, పొందికగా, ఒకేలా. పిల్లల నోటుపుస్తకంలో సున్న జారిపోయినా పట్టుకునే మనిషి ఈ ఏడు పేజీలూ చదవకుండా సంతకం పెట్టింది. ఆరో పేరా. ఒకే వరుస. సదరు వివాహం వల్ల ఇష్యూస్ లేవు. అచ్చులో ఎంత చిన్నగా ఉంది.

పంతొమ్మిది రోజులు. ఆరేళ్ల కిందటి జూలై. ఏడో నెల నిండగానే పుట్టింది, అద్దాల పెట్టెలో పెట్టారు. పెట్టెకు ఇటొకటి అటొకటి గుండ్రటి కంతలు, వాటిలోంచి చేతులు పెట్టాలి, మోచేతులదాకా కడుక్కున్న తర్వాత, పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. పాప అరిపాదం తన చూపుడువేలులో సగం లేదు. వేలు తగలగానే పాదం వెనక్కి లాక్కునేది, విసుగ్గా, నిద్ర చెడగొట్టావన్నట్టు. ఆ విసుగు తనదే, తన పోలికే అనుకొని వార్డు బయట నిలబడి నవ్వుకుంది, అప్పటికి తొమ్మిదో రోజు. పదిహేనో రోజున రంగు తిరిగిందన్నారు. పద్దెనిమిదో రోజున బానే ఉందన్నారు. మర్నాడు ఖాళీ చేతులతో ఇంటికొచ్చాక పదకొండు రోజులు పాలు వస్తూనే ఉన్నాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఏ వాక్యంలో మొదలుపెట్టాలి? స్నానాల గదిలో నీళ్లు వదిలి పిండుకునేది, చప్పుడు బయటికి రాకుండా. మూడో నాడు వేణుమాధవ్ అన్నం తింటూ "ఇంకింత పప్పు ఉందా" అన్నాడు. అంతే అన్నాడు. అది ఆమె క్షమించలేకపోయింది. మనిషికి ఆకలేస్తుందని తెలుసు, ఆకలి నేరం కాదని తెలుసు, పప్పు వడ్డించింది కూడా. కానీ ఆ గరిటె చప్పుడు తర్వాత ప్రతి వాదనకు ముందూ వినిపించేది. నెల తిరక్కుండా టోపీలు, చేతి తొడుగులు, పసుపుపచ్చ ఉన్ని దుప్పటి మూట కట్టి ఆ ఆస్పత్రి వార్డులోనే ఇచ్చేసి వచ్చాడు, చెప్పకుండా. అడిగితే "ఎన్ని దినాలని చూసుకుంట కూసుంటం" అన్నాడు. చూసుకుంటూ కూర్చోవడం తప్ప తనకు వేరే పనేముందో చెప్పలేదు. ఆనాడు తేల్చుకుంది, పాప తన ఒక్కదానిదేనని. మోసింది తను, పిండుకున్నది తను, గుర్తుంచుకునేదీ తనే. ఆ నమ్మకం మీదే ఇన్నాళ్లూ నిటారుగా నడిచింది. చివరికి లేదని చెప్పింది ఎవరు? విజయమ్మ కాదు, వేణుమాధవ్ కాదు. నోరు తెరిచి, స్పష్టంగా, ఉచ్చారణ దోషం లేకుండా, తను.

"ముప్ఫై తొమ్మిది!" అటెండరు తలుపులోంచి అరిచాడు. నల్లకోటు చంకలో పెట్టుకొని షాగుఫ్తా మెట్లెక్కి ఆయాసంగా వచ్చింది. సుకన్య లేచి ఆరో పేరా మీద వేలు పెట్టి చూపించింది. ఎక్కువ మాటలు పట్టలేదు.

"యా అల్లా," అంది షాగుఫ్తా. "మేడం, నేను అడిగిన గద. మీరే లేవన్నరు."

"తగాదాల గురించి అనుకున్నాను."

షాగుఫ్తా రెండు చేతులతో చెంపలు పట్టుకుంది. ఆ పిల్ల వయసు ముప్ఫై లోపే, కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే వకీలు అయింది. "జెర నా మాట వినుండ్రి. ఇప్పుడు లోపల ఇది తీస్తే జడ్జమ్మ వాపస్ ఇయ్యొచ్చు. మెమో వెయ్యాలె, మళ్ల సంతకాలు, మళ్ల డేట్, జూన్ దాటుతది. సార్ గుంతకల్‌ల ఉంటడు. కోర్టుకు కావల్సింది ఉన్న పిల్లల సంగతి, ఎవ్వల దగ్గర ఉండాలె, ఎవ్వలు సాదాలె, గంతే. లేని పాప గురించి అడగరు మేడం. ఇది అబద్ధం కాదు. లేరు అంటే... ఇప్పుడైతే లేరు గద."

ఇప్పుడైతే లేరు. సుకన్య ఆ వాక్యాన్ని మనసులో పలక మీద రాసి చూసింది. వర్తమానం. లేదు వేరు, కలగలేదు వేరు. లేదు అంటే ఉండి లేకపోవడమూ కావచ్చు, అసలే లేకపోవడమూ కావచ్చు. వ్యాకరణం ఎంత దయగలది, తల ఊపి బయటపడడానికి సందు ఇస్తోంది. ప్రమాణం చేసి అవును అనవచ్చు, తప్పు కాదు, సాయంత్రానికి పని ముగుస్తుంది, రేపటినుంచి స్టాఫ్ రూంలో ఎవరూ జాలిగా చూడరు. రెండు మార్కులకు రెండూ.

"ఏందీ, ఏమైంది?" వేణుమాధవ్ వచ్చి నిలబడ్డాడు. షాగుఫ్తా గబగబా చెప్పింది. అతను విని సుకన్యకేసి చూశాడు, అక్టోబరులో చూసిన చూపే.

"అంటే నువ్వు... తెల్వక అన్నవా?"

"మీకు తెలుసా, ఆ మాటకు అర్థం?"

"ఆఫీసు ఫారాలల్ల అదే ఉంటది గద. తెల్వకపోవుడేంది."

"తెలిసి ఊరుకున్నారు. ఆరు నెలలు."

"నువ్వే అంటివి, నా ముంగట్నే, లేవని. కన్నతల్లివి నువ్వే లేదంటుంటె నేను ఉన్నదని ఎట్ల అంట సుకన్యా?" గొంతు పెరిగింది, పర్వతాలు మనవరాళ్లను దగ్గరికి లాక్కున్నాడు. వేణుమాధవ్ గొంతు తగ్గించాడు. "నీకు గట్లనే కావాలేమో అనుకున్న. నీ ఇష్టమని ఊకున్న. తప్పా?"

తప్పో ఒప్పో చెప్పడం ఆమె వృత్తి. ఒక మాటను ఆమె తప్పుగా విన్నది, ఆ మాటనే అతను సరిగ్గా విన్నాడు. దాన్ని ఆమె మంచితనమనుకుంది, అతను కఠినత్వమనుకున్నాడు, ఇద్దరూ మర్యాదగా నోరు మూసుకున్నారు. పెళ్లంతా ఇలాగే గడిచిందా? ఎన్ని మాటలు ఇలా పోయాయో ఇప్పుడు వెనక్కి వెళ్లి దిద్దడానికి కట్టలేవీ మిగల్లేదు.

"నలభై ఒకటి! సుకన్య, వేణుమాధవ్!"

పేర్లు పక్కపక్కన పలికాడు, శుభలేఖలో లాగా. లోపల ఏసీ చల్లగా ఉంది, చెమట ఒక్కసారిగా ఆరి ఒళ్లు జలదరించింది. జడ్జమ్మకు యాభై దాటి ఉంటాయి, కళ్లజోడు ముక్కు చివర. పక్కన టైపిస్టు వేళ్లు విరుచుకుంటోంది. సుకన్య బోనులోకి వెళ్లి ప్రమాణం చేసింది. వేణుమాధవ్ వెనక, షాగుఫ్తా పక్కన.

"మీ ఇష్టంతోనే అడుగుతున్నారా, ఎవరి బలవంతమైనా ఉందా?"

"ఇష్టంతోనే మేడం."

"అఫిడవిట్‌లో రాసిందంతా నిజమేనా?"

షాగుఫ్తా నేలకేసి చూస్తోంది. సుకన్య చేతులు కట్టుకుంది, క్లాసులో కట్టుకున్నట్టే. "ఒక వాక్యం సరిగా లేదు మేడం. ఆరో పేరాలో. మాకు పాప పుట్టింది. పంతొమ్మిది రోజులు ఉంది."

జడ్జమ్మ షాగుఫ్తాకేసి చూసింది, ఆ చూపుకు షాగుఫ్తా "సారీ మేడం, నాదే పొరపాటు" అంది. ఆరో పేరా చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుంది. వాయిదా పడుతుందనుకుంది సుకన్య. పడనీ. జూను, జూలై, ఎప్పుడైనా కానీ.

"వాంగ్మూలంలో రాసుకుందాం," అంది జడ్జమ్మ టైపిస్టుతో. "ఒక ఆడపిల్ల జన్మించి మరణించింది. పుట్టిన తేదీ చెప్పండమ్మా." చెప్పింది. "పోయిన తేదీ?" చెప్పింది. "పేరు?"

పేరు లేదు. ఇరవై ఒకటో రోజున తొట్టెల వేసి పేరు పెట్టాలనుకున్నారు, రెండు రోజుల ముందే అయిపోయింది. ఆస్పత్రి చీటీ మీదా కార్పొరేషన్ కాగితం మీదా తల్లి పేరే రాసి కింద ఆడశిశువు అన్నారు. ఆరేళ్లుగా ఆమె మనసులో కూడా పాప అనే అనుకుంది. ఎన్నో పేర్లు తెలిసిన మనిషి, ప్రతి జూన్‌లో రిజిస్టరులో అరవై కొత్త పేర్లు రాసే మనిషి, ఒక్కటీ ఎంచుకోలేదు. ఎంచుకుంటే అది పిలవాల్సి వస్తుంది. పెట్టలేదు మేడం, అనడానికి నోరు తెరిచింది.

"శర్వాణి," అన్నాడు వెనకనుంచి వేణుమాధవ్.

మెల్లగా అనలేదు, గట్టిగానూ అనలేదు. అలవాటైన పేరు అన్నట్టు అన్నాడు. లెక్కలేనన్నిసార్లు పలికి పలికి అంచులు అరిగిపోయిన పేరు అన్నట్టు. సుకన్య బోను కర్ర పట్టుకుంది. ఎప్పుడు పెట్టాడు? వార్డు బయటా? మూట కట్టి ఇచ్చేసి వస్తూ దారిలోనా? రాత్రి డ్యూటీలకు బండి మీద వెళ్తూ పిలుచుకునేవాడా, ఇంట్లో పక్క గదిలో తను గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు కూడా అతని దగ్గర ఆ పేరు ఉందా? పాప తన ఒక్కదానిదే అనుకుంటూ తను ఇల్లంతా నిటారుగా తిరుగుతుంటే, ఈ మనిషి చొక్కా జేబులో ఒక పేరు పెట్టుకొని తాళం వేసి ఆఫీసుకు పోయాడు. ఒక్కసారి పైకి అని ఉంటే. పడుకునే ముందు, పొయ్యి దగ్గర, ఎక్కడైనా, ఒక్కసారి. ఇన్నాళ్లూ అతనికి దుఃఖం లేదని కోపం. ఇప్పుడు ఉందని తెలిసింది, అది తనకు పెట్టకుండా ఒక్కడే తిన్నాడని తెలిసింది. ఆ మొదటిదాన్ని ఎప్పటికైనా క్షమించగలిగేదేమో. దీన్ని కాదు.

టైపిస్టు తల ఎత్తింది. "సార్, షర్వాణి... ఎస్ హెచ్ రాయాల్నా, ఉత్త ఎస్సేనా?"

వేణుమాధవ్ తడబడ్డాడు. "అది... ఎట్ల రాస్తరో..." అతను దాన్ని ఎన్నడూ రాయలేదు. పలకడమే.

జడ్జమ్మ అతనికేసి చూసి, సుకన్యకేసి చూసింది. షాగుఫ్తా చూసింది. అతనూ చూస్తున్నాడని వెనక్కి తిరగకుండానే ఆమెకు తెలుసు. ఆ పేరు తనకు సమ్మతం కాదనవచ్చు. ఈ గదిలో ఆ మాట అనే హక్కు ఉంది, కాదంటే ఆ గడి ఖాళీగానే పోతుంది.

"ఎస్ హెచ్," అంది సుకన్య. తర్వాత ఒక్కొక్క అక్షరమే చెప్పింది, ఆ అమ్మాయి వేళ్లకు అందేటంత నెమ్మదిగా, చివరిదాకా. పాఠం చెప్పేటప్పటి గొంతే వచ్చింది.

ప్రింటు తీసిన కాగితం ముందుకు జరిపారు. అటెండరు వేలితో సంతకం చోటు చూపించి, తొందరగా కానివ్వమన్నట్టు తలుపువైపు చూశాడు. ఆమె కాగితాన్ని దగ్గరికి తీసుకొని మొదటినుంచి చదివింది. తేదీలు చూసింది, పేర్లు చూసింది, ఆ పేరులో ప్రతి అక్షరం మీదా కళ్లు నిలిపి చూసింది. వేణుమాధవ్ పక్కకు వచ్చి తన వంతుకోసం నిలబడ్డాడు. మళ్లీ ఒకసారి చదివింది, ఏదైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని, దొరికితే దాన్ని పట్టుకొని ఇంకొంచెంసేపు నిలబడవచ్చని. దొరకలేదు. సంతకం పెట్టి కలం అతని చేతికి ఇచ్చింది.